పరహస్తగతమైన ముద్ర

విశాఖదత్తుని ముద్రారాక్షసమును రాజనీతినాటకమనియు, శృంగారప్రసక్తి లేని అపూర్వరచనయనియు మన విమర్శకులు కొనియాడుట పరిపాటి. కాని కచేరీలలో దస్తావేజులతోను మొహరులతోను ప్రొద్దు పుచ్చినవాడెవడైన దానిని చదివినచో, అతనికి అందులో మొట్టమొదట కానవచ్చునది వేరు: పదవి విడిచి దేశాంతరమేగిన యొక మంత్రి తన పేరు చెక్కిన ఉంగరమును వెనుక విడిచిపోవుటయు, అది చెల్లదని చాటువాడు లేకపోవుటయు, తత్ఫలముగా ఒక మహాసైన్యకూటమి యుద్ధము చేయకయే విచ్ఛిన్నమగుటయు. నందవంశము నశించిన పిదప కుసుమపురమునుండి తప్పించుకొని పోవుచు రాక్షసమంత్రి తన ఆలుబిడ్డలను మణికారశ్రేష్ఠియగు చందనదాసు నింట దాచి, ముద్రికను భార్యచేతి కిచ్చి వెడలిపోయెను. యమపటమును చేతబట్టి యింటింట పాడుచు తిరుగు చాణక్యుని చారుడు నిపుణకుడు ఆ లోగిట పాడుచుండగా, అయిదేండ్ల బాలుడొకడు వేడుక పుట్టి వాకిటికి పరుగెత్తుకొని వచ్చెను. లోపల ఆడువారి కలకలము చెలరేగెను. ఒక యిల్లాలు తలుపుచాటునుండి చేయి చాచి బిడ్డను లోనికి లాగుకొనునంతలో, పురుషుని వ్రేలికొలతకు చేసినదగుటచే వదులుగానున్న ఉంగరము జారి, దొరలుకొనుచు వచ్చి, చారుని పాదముకడ ఆగెను.

చాణక్యుడు ఆ ఉంగరముతో చేసిన పని చిన్నది. రాక్షసుని ఆప్తుడగు శకటదాసుచేతనే, అతనికి విషయమెరుగనీయక, ఒక లేఖ వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయించెను. అంతటితో అక్కర తీరినది గనుక సిద్ధార్థకుడను తన మనుష్యునిద్వారా ముద్రికను సొంతదారునకే చేర్చెను. రాక్షసుడు దానిని గుర్తుపట్టి, ఎక్కడ దొరికెనో అడిగి, చందనదాసు వాకిట దొరికినదను మాట నమ్మి, ఇకమీదట ఈ ముద్రతోనే వ్యవహారములు నడుపుమని శకటదాసున కప్పగించెను. నడుమ అది ఎవరి చేతులలో నుండెను, దానితో నేమేమి ముద్రింపబడెను అను శంక అంతటి నీతివేత్తకును కలుగలేదు. అయిదవ అంకములో, రాక్షసుడు పక్షము చేరిన మలయకేతుని శిబిరమునుండి ముద్ర లేనిదే ఎవడును వెలికి పోరాదని కట్టడి. ఆ ముద్రల నిచ్చు అధికారి భాగురాయణుడు. ఆ భాగురాయణుడో, చాణక్యుడు నాటిన మనుష్యుడు. ముద్ర లేక పోవుచు పట్టుబడుటకే బయలుదేరిన సిద్ధార్థకునియొద్ద ఆ లేఖ బయల్పడుటతో కథ ముగింపునకు వచ్చినట్లే.

ఒకని యింటిలోనికి గాని, కోటలోనికి గాని, రేవులోనికి గాని, ఈనాటి మాటలో చెప్పవలెనన్న కంప్యూటరు వ్యవస్థలోనికి గాని, ఆ యింటివాడు కాని మనుష్యుడు పనిమీద రావలసినప్పుడు వానికేదో యొక గుర్తు నీయక తప్పదు. స్వజనులను ముఖము చూచియే లోనికి విడుతుము. వర్తకుడు, గుత్తేదారు, దూత, వ్యాపారములో భాగస్వామి, వీరికే చీటి కావలెను, ముద్ర కావలెను, సంకేతపదము కావలెను. ఈ గుర్తుల చరిత్రను తరచి చూచినకొలది, తాళము బలహీనమై కలిగిన అనర్థములు స్వల్పములనియు, గుర్తు నిచ్చువాడెవ్వడు, దానిని పరీక్షించువాడెవ్వడు, పని తీరిన పిమ్మట మరల పుచ్చుకొనువాడెవ్వడు అను ప్రశ్నలలో ఏదో యొకదానికి జవాబు లేక కలిగినవే అధికములనియు నాకు తోచుచున్నది.

ఈ ప్రశ్నలలో మొదటి రెంటిని మన దేశములో శాస్త్రరీతిగా విచారించినవాడు కౌటిల్యుడు. మైసూరు ప్రాచ్యపుస్తకభాండాగారమునకు చేరిన తాళపత్రప్రతి నాధారము చేసికొని శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించువరకు పేరు మాత్రమే వినబడుచుండిన ఆ అర్థశాస్త్రములో, అధ్యక్షప్రచారమను రెండవ అధికరణమున, ముద్రాధ్యక్షుడను ఉద్యోగి ప్రసక్తి కలదు. జనపదములోనికి వచ్చువారికిని పోవువారికిని ఒక్కొక్క మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చుట యతని పని. ముద్ర లేక సంచరించిన స్వదేశీయునకు 12 పణముల దండనము. మాషకము పణములో పదునారవ పాలు గనుక, చీటికి చెల్లింపవలసినదానికి నూటతొంబదిరెండింతలన్నమాట. రుసుము నల్పముగ నుంచి తప్పుటను దుర్భరము చేసిన ఈ లెక్కయందు కౌటిల్యుని లోకజ్ఞానము తేటపడుచున్నది. చీటి సంపాదించుటే కష్టమైనచోట జనులు దొంగదారి వెదకుదురుగదా. కూటముద్ర పట్టుబడినచో స్వదేశీయునకు పూర్వసాహసదండము, పరదేశీయునకు ఉత్తమసాహసదండము. ఒకే నేరమునకు బయటివానికి హెచ్చు శిక్ష యుండుట నేటి న్యాయదృష్టికి విషమముగా తోచవచ్చును. కాని పరదేశీయుడు నేడో రేపో పొలిమేర దాటి, మరల చేజిక్కనివాడని శాస్త్రకారుడు తలచియుండును.

ఇంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ముద్ర నిచ్చువాడు ముద్రాధ్యక్షుడు. ఆ ముద్రను చూచి విడువవలసినవాడు, బీళ్లను బయళ్లను కాచుచుండు వివీతాధ్యక్షుడు. ఇద్దరును రాజసేవకులే, కాని ఒక్కడు కాడు. శుల్కశాలయందును ఇట్టి జాగ్రత్తయే: సరకు తెచ్చినవాడెవ్వడు, ఎచ్చటివాడు, ఎంత సరకు తెచ్చెను, ముద్ర ఎచ్చట వేయబడెను అని నలుగురో అయిదుగురో కూర్చుండి వ్రాసికొనవలెను. ముద్ర లేని సరకునకు సుంకము రెండింతలు. కూటముద్ర కలదానికి ఎనిమిదింతలు. చీటీని ఒకచోట పుట్టించి, వేరొకచోట వేరొకని కన్నులతో చూపించి, రెండు పుస్తకములలో వ్రాయించు నీ యేర్పాటు ఏ రాజ్యములో ఎంతవరకు సాగెనో చెప్పుట కష్టమే గాని, ఊహించినవాని బుద్ధి సూక్ష్మతను శంకింప పనిలేదు.

మన తీరమున వేరొక మార్గమును త్రొక్కిన రాజు కాకతీయ గణపతిదేవుడు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయమునందలి శిలాస్తంభముపై 1244 ప్రాంతమున అతడు చెక్కించిన అభయశాసనము ఆంధ్రదేశచరిత్ర చదివినవారి కెల్లరకును పరిచితమే. ఓడలు తుపానున చిక్కి భగ్నమై తన తీరమునకు కొట్టుకొనివచ్చినపుడు, పూర్వరాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా హరించుచుండిరనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి సముద్రముపై సాహసించు వర్తకులయెడ కరుణచేత తాను క్లుప్తశుల్కము తప్ప తక్కినదంతయు విడిచితిననియు అతడందు ప్రకటించెను. సుంకము ముప్పదింట ఒక పాలు. ఒక శతాబ్ది గడచిన పిమ్మట, 1358లో, రెడ్డిరాజగు అనపోతారెడ్డి అదే రేవున మరల వర్తకులకు అభయమిచ్చెను. ఈ శాసనములలో వర్తకునిచేతి కిచ్చిన చీటి యేదియు లేదు. పోగొట్టుకొనుటకు గాని, దొంగిలించుటకు గాని, అరువిచ్చుటకు గాని వీలైన వస్తువే లేదు. రాజు తన చేతులను తానే కట్టుకొని, ఆ కట్టును రాతిపై చెక్కించి రేవులో నిలిపెను. ఓడ యెవరిదైనను, భాష యేదైనను, చెల్లు హక్కు ఒక్కటే. ఇట్టి ధర్మము బహుసుందరమైనది; కాని అది సర్వజనసామాన్యమైన హక్కులకే తగును. ఒకరి కిచ్చి మరియొకరి కీయని ప్రత్యేకాధికారమునకు రాతిస్తంభము చాలదు, కాగితము కావలసినదే. చిక్కులన్నియు కాగితముతోనే పుట్టినవి.

పదునారవ శతాబ్దారంభమున హిందూమహాసముద్రమున ప్రవేశించిన పోర్చుగీసువారు ఈ కాగితమునకు క్రొత్త స్వరూపము కల్పించిరి. కర్తాజు అను వారి అనుమతిచీటి లేని ఓడ సముద్రమున కనబడినచో పట్టుకొని సరకు దోచుకొనుట వారికి హక్కట! ఓడ పేరు, నాయకుని పేరు, పరిమాణము, ఆయుధముల సంఖ్య, బయలుదేరిన రేవు, చేరవలసిన రేవు, ఎక్కింపరాని సరకులు, ఇవన్నియు ఆ చీటిలో వ్రాసియుండెడివి. మిరియాల వంటి సుగంధద్రవ్యములును యుద్ధసామగ్రియు నిషిద్ధములు. చీటికి రుసుము స్వల్పమే. కాని దానిని పట్టుకొనిన ఓడ త్రోవలో వారి కోటయున్న రేవున నాగి సుంకము చెల్లింపవలెను. అంతకు పూర్వము ఎవ్వరి యనుమతియు లేకయే వేయేండ్లుగా ఓడలు నడపిన వర్తకులకు, నిన్న వచ్చినవాడు నేడు అనుమతిపత్రము లిచ్చుట యెట్లుండెనో ఊహింపవచ్చును. గోల్కొండ సుల్తానుల ఓడలును, మక్కాకు పోవు మొగలాయి ఓడలును ఈ చీటీలను పుచ్చుకొనవలసినవే అయ్యెను. 1576లో హజ్జుయాత్రకు ఓడనెక్కిన గుల్బదన్ బేగము, హుమాయూను పాదుషాకు సోదరి, అక్బరునకు మేనత్త, అంతటి రాజకుమారి, ఈ చీటికొరకు సూరతులో నెలల తరబడి వేచియుండెను. ఆ కర్తాజులపై మరియమ్మ యేసుక్రీస్తుల ప్రతిమలు ముద్రింపబడియుండెడివి గనుక, అట్టి విగ్రహముల చీటిని చేతబట్టి పోవలసిన యాత్ర విధికాదని అక్బరు కాలపు మతపండితులలో వాదము సాగినట్లు చరిత్రకారుడు బదాయూనీ వ్రాసెను.

ఈ కర్తాజు పద్ధతిలో చీటి నిచ్చువాడును, చూచువాడును, ఓడను పట్టువాడును ఒక్కడే. అట్టిచో చీటి విలువ ఇచ్చినవాని మనస్సునుబట్టి యుండును. 1613లో జహంగీరు తల్లి మరియముజ్జమానీకి చెందిన రహీమీ యను పెద్ద ఓడను, కర్తాజు చేతనుండగనే, పోర్చుగీసువారు సూరతు చేరువ పట్టుకొని గోవాకు కొనిపోయిరి. వందలాది యాత్రికులు అందుండిరి. ఆంగ్లేయులకు మొగలాయి రేవులలో చోటు దొరకునేమో యను అసూయయే కారణమందురు. జహంగీరు కోపించి డామను కోటపైకి సైన్యమును పంపెను. చీటి నెంత భద్రముగా దాచుకొనినను, దానిని కాదన్నప్పుడు చెప్పుకొనుటకు వేరొక గుమ్మము లేనివానికి అది రక్ష కాజాలదని ఆ సంవత్సరము అందరకును బోధపడెను. తరువాత డచ్చివారును ఆంగ్లేయులును పోర్చుగీసువారిని నిందించుచునే తామును చీటీల నిచ్చిరి. పరులు చేసినపుడు దౌర్జన్యముగా కనబడినది తాము చేసినపుడు క్రమపరిపాలనముగా కనబడుట లోకమున క్రొత్త గాదు.

ఆంగ్లేయుల ఓడ మన మచిలీపట్టణమున లంగరు వేసినది 1611లో. అధికారుల మాట యొకటి, గవర్నరు వసూలు వేరొకటియై యిరువది యేండ్లు తగవులాడిన పిమ్మట, 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వారికొక ఫర్మానా దయచేసెను. ఏటికి 500 వరహాలు చెల్లించి రాజ్యములోని రేవులన్నిట స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చునని దాని సారము. ఆంగ్లేయులు దీనిని బంగారు ఫర్మానా యని ముద్దుగా పిలుచుకొనిరి. ఆ పేరు వారి సంతోషమునకు సరిపోయినదే. సరకునుబట్టి సుంకము గట్టువాడు ఎక్కువ సరకు తెచ్చిన ఎక్కువ చెల్లించును; మొత్తముగా ఒకే పైకము గట్టువానికో, ఆ పైకము దాటిన ప్రతి మూటయు లాభమే. అట్టివాడు తన మూటల నడుమ పొరుగువాని మూట నొకటి చేర్చుకొనినచో ఎవ్వడు కనిపెట్టును? అయినను గోల్కొండలో ఒక కట్టు మిగిలియుండెను: ఫర్మానా యనునది ఇచ్చిన ప్రభువు మాట మాత్రమే, వంశమునకు కట్టుబాటు కాదు. ప్రభువు మారినప్పుడు దానిని క్రొత్తగా సంపాదింపవలెను, కానుకలు సమర్పింపవలెను, పాత షరతులను తిరిగి విచారింపనీయవలెను. 1687లో గోల్కొండ మొగలాయీల వశమైనపుడు ఆంగ్లేయులు క్రొత్త ప్రభువుల గుమ్మమెక్కి తమ హక్కులను స్థిరపరచుకొనవలసివచ్చెను. కానుకల మాట యెట్లున్నను, అనుమతికి కాలపరిమితి యుండుట యనునది ఈ యాచారమున తనంత తానుగా నెరవేరుచుండెను.

బంగాళమున ఆ కట్టు తెగినది. సుర్మాను నాయకత్వమున ఢిల్లీకి పోయిన ఆంగ్లేయ రాయబారబృందములో హామిల్టను అను వైద్యుడుండెను. ఫరూఖ్‌సియరు పాదుషా వ్యాధిని అతడు నయము చేసెను. 1717లో పాదుషా ఇచ్చిన ఫర్మానా ననుసరించి, ఏటికి 3,000 రూపాయలు మాత్రము చెల్లించి బంగాళరాజ్యమున సుంకము లేక వర్తకము చేసికొనుటకు ఆంగ్లేయుల ఈస్టిండియా కుంఫిణీవారికి హక్కు కలిగెను. ఇంతవరకు మచిలీపట్టణపు కథయే. కాని ఏ సరకు కుంఫిణీదో చౌకీదారునకు తెలియుటెట్లు? కలకత్తాలోని కుంఫిణీ అధ్యక్షుడు గాని, ఆయా కొఠీల పెద్దలు గాని సంతకము చేసి మొహరు వేసిన చీటి, దస్తకు అనబడునది, పడవతో నుండవలెను. దానిని చూపిన పడవను శోధింపక విడువవలెను. హక్కు నిచ్చినవాడు పాదుషా. సుంకము నష్టపోవువాడు నవాబు. చీటి వ్రాయువాడు మాత్రము కుంఫిణీవాడు! లాభము పొందువానిచేతనే ముద్ర పెట్టి, ఎందరికి కావలెనో నీవే వ్రాసికొమ్మని చెప్పినట్లయ్యెను.

ఒక చౌకీని మనసున ఊహించుకొనుడు. గంగ యొడ్డున తాటియాకు కప్పు క్రింద ఇద్దరు బంట్రోతులు, ఒక ముహర్రీరు. ఉప్పు నింపిన పెద్దపడవ వచ్చి ఆగుచున్నది. పడవమీది గుమాస్తా మైనపుగుడ్డలోనుండి మడత కాగితమును తీసి చూపుచున్నాడు. అందలి యక్షరములు ముహర్రీరునకు రావు. మొహరు మాత్రము అతడెరుగును. ఆ మొహరు నిజమైనదే. చీటియు కల్పితము గాదు. ఉప్పు మాత్రము కుంఫిణీది కాదు, కొఠీలోని యొక చిన్నదొరది. కాదేని ఆ చిన్నదొరవద్ద దస్తకు కొనుక్కొనిన యొక దేశీయవర్తకునిది. అప్పటి కుంఫిణీలో క్రింది తరగతి లేఖకునకు జీతము ఏటికి 5 పౌనులు. ఆ జీతముతో సముద్రములు దాటి వచ్చినవాడెవడును బ్రతుకలేడని లండనులోని డైరెక్టర్లకు తెలియును. అందుచేతనే సొంతవర్తకమునకు అనుమతి నిచ్చి, దానికి మాత్రము దస్తకు వాడరాదని ఉత్తరము వెంబడి ఉత్తరము వ్రాయుచుండిరి. కడుపునిండ కూడు పెట్టక వంటయింటి తాళపుచెవి చేతికిచ్చినవాని హితబోధ ఎంత చెల్లునో ఆ ఉత్తరములును అంతే చెల్లెను.

ముర్షిద్ కులీఖాను మొదలుకొని నవాబులందరు దీనిని ఎరుగుదురు. ఓడలలో వచ్చుపోవు సరకులకే ఫర్మానా వర్తించునని, దేశములో ఒక ఊరినుండి మరియొక యూరికి పోవు ఉప్పు, పోక, పొగాకులకు కాదని వారు వాదించుచు, చేతనైనంతవరకు కట్టడి చేసిరి. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాపై దండెత్తినపుడు అతడు చెప్పిన ఫిర్యాదులలో దస్తకుల దుర్వినియోగమొకటి. 1757లో పలాసీ యుద్ధము ముగిసెను. అటుపిమ్మట కట్టడి చేయుటకు ధైర్యము కలవాడు లేకపోయెను. దొరల గుమాస్తాలు ఊరూర కొట్లు పెట్టి, జెండాలెత్తి, రైతులసరకునకు తాము చెప్పినదే వెలగా పుచ్చుకొనిరి. 1762 ఏప్రిలులో గంగవెంట ప్రయాణము చేయుచు వారన్ హేస్టింగ్సు భాగల్పూరునుండి గవర్నరు వాన్సిటార్టునకు వ్రాసిన లేఖ ఈ చరిత్రలో ముఖ్యసాక్ష్యము. నదిపై పడవలమీదను గట్లమీదను ఎచ్చట చూచినను ఆంగ్లేయుల జెండాలే యుండెననియు, తాము వచ్చుచున్నామని విన్నంతనే జనులు అంగళ్లు మూసి పారిపోవుచుండిరనియు అతడు వ్రాసెను. అంతకంటె విశేషము, ఈ యపచారములు కుంఫిణీ నౌకరులవి మాత్రమే కావనియు, సిపాయిల దుస్తులు తొడిగికొని గాని, గుమాస్తాలమని చెప్పుకొని గాని, కుంఫిణీతో ఏ సంబంధమును లేని జనులు దేశమంతట చేయుచుండిరనియు అతడు గుర్తించుట. గుర్తును పరీక్షింప సాహసించువాడు లేనిచోట గుర్తే అక్కరలేదు, వేషము చాలును.

మీర్ కాసిము 1760లో నవాబయినవాడు. అతనికంటె ఈ విషయమును నిశితముగా విచారించినవాడు ఆ కాలమున కానరాడు. రైతులయొద్దను వర్తకులయొద్దను సరకులను నాలుగవవంతు వెలకు బలాత్కారముగా లాగుకొని, రూపాయి సరకును అయిదు రూపాయలకు అంటగట్టుచున్నారని అతడు 1762 మే నెలలో గవర్నరుకు ఫిర్యాదు చేసెను. ఆ సంవత్సరాంతమున వాన్సిటార్టు ముంగేరుకు పోయి అతనితో నొక ఒప్పందము చేసికొనెను. ఆంగ్లేయుల సొంతవర్తకమునకు నూటికి 9 చొప్పున సుంకము. గుమాస్తాలకును దేశీయులకును తగవు వచ్చినచో విచారణ నవాబు ఉద్యోగులది. దేశీయవర్తకులు చెల్లించుచుండిన సుంకముతో పోల్చిన ఈ 9 ఎంతో తక్కువ. అయినను కలకత్తా కౌన్సిలువారు ససేమిరా యనిరి. ఉప్పునకు మాత్రము నూటికి రెండున్నర యిత్తుము, తక్కినవానికి ఏమియు నీయము, మా గుమాస్తాలను మీ ఉద్యోగులు ముట్టరాదు అని తీర్మానించిరి. కాదన్నవారు గవర్నరును హేస్టింగ్సును మాత్రమే. హేస్టింగ్సు మాత్రము పరమసాధువా యని అడుగవచ్చును. అతడును సొంతవర్తకము చేసినవాడే. కాని తన లాభమునకు ఎదురువచ్చినను కన్నులకు కనబడినదానిని కాగితముపై పెట్టినవాడు గనుక అంతమట్టునకు మెచ్చుకొనక తప్పదు.

అప్పుడు మీర్ కాసిము చేసిన పని చాణక్యుడు వినినచో తలయూచును. 1763 మార్చిలో తన రాజ్యమున సుంకములన్నిటిని రద్దుచేసెను: దేశీయునకు లేదు, విదేశీయునకు లేదు. దస్తకు వెంటనే చిత్తుకాగితమయ్యెను. దేనినుండి మినహాయింపో అదియే లేనపుడు మినహాయింపుచీటి యెందులకు? ఖజానాకు కలుగు నష్టము నతడు లెక్కచేయలేదు. ఆంగ్లేయులు దీనిని మహాపచారముగా పరిగణించిరి; తమకు సుంకము లేకుండుట మాత్రమే వారికి చాలదు, ఎదుటివానికి ఉండవలెను. కౌన్సిలువారు ఆ యాజ్ఞను ఉపసంహరింపుమని పట్టుబట్టిరి, యుద్ధము వచ్చెను, మీర్ కాసిము ఓడెను. 1764 అక్టోబరు 22న బక్సరులో అతనితో కలిసిన పాదుషా షా ఆలము, అవధు నవాబు షుజాఉద్దౌలాల పక్షము పరాజితమయ్యెను. 1765 ఆగస్టులో షా ఆలము కుంఫిణీకి బంగాళ దివానీ నిచ్చెను, ఆ నెలలోనే మన ఉత్తరసర్కారులను కూడ ధారాదత్తము చేసెను. గంగయొడ్డు చౌకీలలో ఉప్పుపడవలపై పుట్టిన తగవునకు శ్రీకాకుళమునుండి గుంటూరువరకు గల తెలుగుజనులు ప్రభువులు మారుట నెవరు తలచియుందురు? సుంకము వసూలు తమదైన పిమ్మట కుంఫిణీవారికి దస్తకుల దోషము ఒక్కసారిగా స్పష్టపడెను. హేస్టింగ్సు గవర్నరయి చౌకీలను తీసివేసి, కలకత్తా, హుగ్లీ, ముర్షిదాబాదు, ఢాకా, పాట్నాలలో అయిదు సుంకపుశాలలు మాత్రముంచి, అందరకును నూటికి రెండున్నర యని నిర్ణయించెను.

కంప్యూటరు యుగమునందును ఈ కథ మొదటినుండియు నున్నదే. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒకే యంత్రమును పలువురు పంచుకొను పద్ధతి యేర్పడినపుడు, ఎవరి లెక్క వారికి వేరుగా నుంచుటకు పాస్‌వర్డును ప్రవేశపెట్టిరి. మరుసటి యేడే తనకు కేటాయించిన కాలము చాలని పరిశోధకుడొకడు పాస్‌వర్డుల పట్టికనంతయు అచ్చువేయించుకొని పరుల కాలమును వాడుకొనెను. ఇంటివారి కథ యది. బయటివారి కథకు ఆస్ట్రేలియాలోని మరూచీ అను ప్రాంతము ప్రసిద్ధికెక్కెను. ఆ పురపాలనమువారు మురుగునీటి పంపింగు స్టేషన్లను రేడియోసంకేతములతో నడుపు వ్యవస్థను గుత్తకిచ్చి అమర్పించిరి. ఆ పనిచేసిన సంస్థలోని ఉద్యోగి యొకడు అది మానుకొని, పురపాలనమున ఉద్యోగమడిగి, లేదనిపించుకొని, 2000 సంవత్సరారంభమున తన కారులో ఒక ల్యాప్‌టాపును రేడియోపరికరమును పెట్టుకొని తిరుగుచు, ఆ స్టేషన్లకు తప్పుడాజ్ఞల నిచ్చెను. సుమారు 8 లక్షల లీటర్ల మురుగునీరు ఉద్యానములలోను, వాగులలోను, ఒక పెద్ద హోటలు ఆవరణలోను ప్రవహించెను. ఉద్యోగము పోయినను అతని యాజ్ఞలు చెల్లుచునేయుండెను. యంత్రములకు సంకేతము సరిపోవుటయే కావలెను, దానిని పంపువాడెవడని అవి యడుగలేదు. 2001లో అతనికి రెండేండ్ల కారాగారవాసము విధింపబడెను.

హైదరాబాదులో 1998లో హైటెక్ సిటీ తెరచిన నాటినుండి మన యువజనులు వేలకువేలుగా చేయుచున్న పని, నిజమునకు, పరుల వ్యవస్థలలో పరులిచ్చిన లాగిన్లతో ప్రవేశించి పనిచేయుటయే. మాదాపురములో కూర్చుండినవాడు అమెరికాలోని బ్యాంకు లెక్కలను సరిచేయును. ప్రాజెక్టు ముగిసిన పిమ్మట వేరొక ప్రాజెక్టునకు పోవును. అతని లాగిన్ రద్దయినదా? మేనేజరు క్లయింటునకు మెయిలు పంపవలెను. క్లయింటులోని యొకడు టికెట్టు తెరవవలెను. వేరొకడు దానిని మూయవలెను. క్రొత్తవాడు సోమవారమున చేరవలెనన్న ఆదివారమునాటికి లాగిన్ సిద్ధము కావలెనని ఫోనులు మ్రోగును. పోవువాని లాగిన్ మూయవలెనని ఫోను చేయువాడు మాత్రము కానరాడు. తనకు లాభము లేని పనికి తొందర యెవరికి? కొన్నిచోట్ల ఒకే లాగిన్‌ను జట్టంతయు పంచుకొనుటయు కద్దు; అప్పుడు పుస్తకములో నొక పేరుండును, చేసిన చేతులు అయిదో ఆరో ఉండును.

2013 నవంబరు డిసెంబరులలో అమెరికాలోని టార్గెట్ అను మహావిపణిలో నాలుగుకోట్ల కార్డుల వివరములు అపహృతములయ్యెను. దొంగలు ప్రవేశించినది ఆ సంస్థ యుద్యోగుల లాగిన్లతో కాదు; దుకాణములకు శీతలయంత్రములమర్చు నొక గుత్తసంస్థకు ఇచ్చినవానితో. బిల్లులు పంపుకొనుటకును, ఒప్పందపత్రములు సమర్పించుటకును, పనుల పురోగతి తెలుపుటకును మాత్రమే ఆ ప్రవేశమని గుత్తసంస్థవారు ప్రకటించిరి, అది నిజమే కావచ్చును; ఓడసరకులకిచ్చిన దస్తకు ఉప్పునకు చెల్లినట్లే, బిల్లులకిచ్చిన సంకేతము డబ్బుపెట్టెవరకును దారి చూపెను, లోపలి గదులనడుమ చౌకీ లేకపోవుటచేత. 2017 మేలో ఆ సంస్థ 47 రాష్ట్రములతోను రాజధానీమండలముతోను రాజీపడి 1 కోటి 85 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. కార్డుల సమాచారమును తక్కిన వ్యవస్థనుండి వేరుచేసి యుంచవలెననియు, లోనికి వచ్చువాని గుర్తును ఒక్క పాస్‌వర్డుతో సరిపెట్టక రెండవ విధమునను పరీక్షింపవలెననియు, పాస్‌వర్డులను ఎప్పటికప్పుడు మార్పింపవలెననియు ఆ రాజీపత్రమున షరతులు వ్రాసిరి. వీనిలో ఏ యొక్క షరతును ఆ దొంగతనమునకు ముందటియేట అమలునకు తెచ్చుటకు ఎంత వ్యయమగునో లెక్కవేసిన గుమాస్తా ఆ సంస్థలో ఒక్కడైన ఉండియుండును. అతని కాగితము ఏ బల్లపై ఆగెనో చరిత్రకారులు వెదుకదగినది.